ఎర్ర ఊలు

మొన్న తడిసిన స్వెటర్ వాసన తగలంగనే చంద్రపూర్ల మా వంటిల్లు యాదికొచ్చింది.

అమ్మ సర్కారు దవాఖానల సికిల్ సెల్ అనే నెత్తుటి రోగమున్న పిల్లలను చూసే నర్సు. చలి తగిలితే ఆ పిల్లలకు బొక్కలల్ల నొప్పి లేస్తదని, కాలనీకి కొత్తగ వచ్చిన కేబుల్ టీవీ ముందర కూసొని, నిప్పులు చెరిగే ఎండకాలంల గూడ వాళ్లకు స్వెటర్లు అల్లేది. నాకు మాత్రం ఒక్కటీ అల్లలే.

ఒకనాడు గోండ్‌పిప్రి దిక్కునుంచి ఒకాయన వచ్చి, ఉతికి మడతవెట్టిన చిన్న ఎర్ర స్వెటర్ అమ్మ చేతుల వెట్టి పోయిండు. అమ్మ దాన్ని మొత్తం విప్పి, ఊలును వంటింట్ల ఉడుకునీళ్లల్ల ముంచి ఆరేసింది.

"గట్లెందుకు విప్పినవమ్మా? పొట్టిగైందా?"

"ఆఁ బిడ్డా."

"నీ దవాఖాన పిల్లలు మస్తు జల్ది పెరుగుతున్నరే!" అని, కుళ్లుకొని, గోడకు ఆనుకొని నన్ను నేను కొలుసుకున్న.

చచ్చిపోయిన పిల్ల బట్టను ఏ తల్లీ తన బిడ్డకు తొడగదని, అందుకే అమ్మ విప్పేదని పెద్దగైనంక తెలిసింది. ఆ ఎర్ర ఊలుతోనే చలికాలానికి ఇంకో పిల్లగానికి స్వెటర్ అల్లింది.

దాన్ని గూడ గట్లనే ఉతికి, మడతవెట్టి తెచ్చిచ్చిండ్రు.