కళ్లు మిగిలిన గోడ

నిర్మల్ కొయ్యబొమ్మలకు రంగులద్దే ఇంట్లో పుట్టిన లచ్చన్న, తొమ్మిదేళ్లుగా దుబాయ్‌లో గోడలకు పుట్టీ పెడుతున్నాడు. ఆ చేతికి మళ్లీ సన్నకుంచె దొరికింది 2014లో, వీరరాఘవరావు గారి పుణ్యమా అని.

రావు గారు దుబాయ్‌లోనే ఒక బ్యాంకులో పెద్ద అధికారి. ఇటలీలోని ఫ్లోరెన్స్ అంటే ఆయనకు పిచ్చి. అయిదారు వందల ఏళ్ల కిందట అక్కడి బ్యాంకర్లు చర్చిలు కట్టించి, గోడల నిండా బొమ్మలు వేయించి, ఆ గుంపులో తమ మొహాలూ పెట్టించుకున్నారట. వడ్డీలు తిన్నవాళ్లకు పుణ్యం మీద అంత యావ ఎందుకో ఆ దేవుడికే ఎరుక. మన రావు గారూ, ఇంకా కాపురం పెట్టని తన కొత్త విల్లా హాల్లో అలాంటి ఊరేగింపే కావాలన్నారు, తానూ భార్య కామాక్షీ అందులో ఉండేలా.

రెండు నెలల్లో లచ్చన్న గుర్రాలు, గొడుగులు, జనం అన్నీ వేశాడు. రావు గారి బొజ్జ కాస్త తగ్గించే వేశాడు, మర్యాద తెలిసినవాడు. కళ్లు మాత్రం ఎవరికీ పెట్టలేదు. ఎవరి మొహం వేస్తే ఆ మనిషి ఎదుట నిలబడితేనే కళ్లు తెరవాలి, మిగతా గుంపుకు ఆ తర్వాతే. అది వాళ్లింటి ఆనవాయితీ. రావు గారికేమో బ్యాంకు వదిలి రావడం కుదరదు.

ఫోర్‌మన్ నూర్ మొహమ్మద్‌కు ఒళ్లు మండింది. గురువారానికి పని ఖలాస్ కాకపోతే వీసా ఇచ్చిన యజమాని, అదే కఫీల్‌కు, రాస్ అల్ ఖైమాలో ఉన్న రాళ్ల క్వారీకి పంపేస్తానన్నాడు. రాళ్లు మోస్తే ఈ వేళ్లు మళ్లీ కుంచె పట్టవని లచ్చన్నకు తెలుసు. అయినా చెయ్యి లేవలేదు. మొండివాడు రాజుకన్నా బలవంతుడు.

బుధవారం కామాక్షి వచ్చింది. ఆ గుడ్డి ఊరేగింపు చూసి, సంగతి విని, నవ్వాపుకోలేక మొగుడికి ఫోన్ చేసింది. రావు గారు మీటింగ్ వదిలేసి వచ్చి, భార్య పక్కన బుద్ధిగా చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఒక్కో జత కళ్లూ తెరుచుకున్నాయి. గుంపు చివర, చంకలో బీడీల చాట పెట్టుకున్న ఆడమనిషి మాత్రం మిగిలిపోయింది. ఎవరావిడ అని అడిగారు రావు గారు.

"మా అంజవ్వ సార్, నా పెండ్లాం. గింతమందిల ఆమె సుత ఉంటె మంచిగుంటదని ఏసిన. తప్పయితె తుడిచేస్త. గని ఆమె ఎదురుంగ లేంది కండ్లు పెట్ట."

ఆ బొమ్మ మీద పూసేద్దామని నూర్ మొహమ్మద్ రంగు డబ్బా అందుకోబోయాడు. రావు గారు చెయ్యి అడ్డం పెట్టి, పని ఇంకా అవ్వలేదని, ఇతన్ని ఎక్కడికీ పంపొద్దని హిందీలో గట్టిగానే చెప్పారు. తర్వాత లచ్చన్న వైపు తిరిగారు.

"మీ ఆవిడకి పాస్‌పోర్టు తీయించవయ్యా. వీసా, టికెట్టూ నేను చూసుకుంటాను. ఆవిడొచ్చేదాకా నా గోడ పూర్తవ్వనట్టే."

మూడేళ్లుగా భార్య మొహం చూడని లచ్చన్న, కళ్లులేని ఆ బొమ్మ ముందు నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.