రెల్లు కప్పిన ప్రార్థన పాక

ఈ రెండువేల ఆరు డిసెంబరులో, అరబ్బు దేశపు బనియాస్‌లో మా అమ్మాయి ఉండే ఫ్లాటు కింది కొట్లో కొండచీపుర్ల మూట విప్పగానే ఎండుగడ్డి వాసన గుప్పుమంది. ఒకటి తీసి ముక్కుకి ఆనించుకున్నాను.

"పెద్దాయనా, కొంటవా, ఊకె వాసన చూస్తనే ఉంటవా? యల్లా, జల్ది!" అన్నాడు కొట్టు నడిపే నిజామాబాదాయన.

కొన్నాను. నర్సు డ్యూటీ దిగి వచ్చిన అమ్మాయి, "ఇంట్లో మూడున్నాయి నాన్నా!" అంది.

నా చిన్నప్పుడు మా గోదావరి లంకలో రెల్లు ఏనుగు మునిగేంత ఎత్తుండేది. సరే, ఏనుగుని నేనప్పటికి చూడలేదు. మా గేదె మునిగేది. వానలు తగ్గాక లంకంతా తెల్లగా పూసి, గాలి వీస్తే ఆ నూగు ఎగిరొచ్చి అమ్మ కాచే పులుసులో పడేది. కాడలు మా బాణాలకి, లేతాకు గేదెలకి, ముదురుగడ్డి ఇళ్ల కప్పులకి. కోతలయ్యాక మోపులేసుకుని పడవలొస్తుంటే, పడవ కనపడక గడ్డివామే ఈదుకొస్తున్నట్టుండేది. క్రిస్మస్ ముందు ప్రార్థన పాకకి కొత్త కప్పు వేయడం ఊరంతటి పండగ: ఓ పక్క అరిసెల పాకం వాసన, కింద నుంచి కట్టలందిస్తూ ఆడవాళ్ల పాటలు, పైన మా తాత. ఆయన కప్పిన పాక కారిందన్న మాట ఎన్నడూ లేదు. ఆయనకున్న ఆస్తల్లా ఆ పేరే.

నా పదోయేట ఆ కప్పు సగం నేనే వేశాను. సగం కాదు, తలుపు వైపు మూల. అదీ తాత అన్నానికి దిగినప్పుడు దొంగతనంగా ఎక్కి. చూరు దగ్గర మొదలెట్టి, వరస మీద వరస పైకి కప్పుకుంటూ పోవాలి. నేను కొప్పు దగ్గర మొదలెట్టి కిందికి దిగాను. వాన నీళ్లు లోపలికి రావడానికి మెట్లు కట్టినట్టే.

"ఈ మూల నేను కప్పానంట్రా?"

"నువ్వే తాతా, మర్చిపోయావు."

క్రిస్మస్ పొద్దున తుఫాను వాన. ప్రార్థన మొదలైందో లేదో, ఆ మూల చుక్క, ఇంకో చుక్క, ఆపైన ధార. ఊరందరి ముందు తాత పేరు పోయినట్టే అనుకున్నాను. తాత చాప లాక్కుని సరిగ్గా ఆ ధార కింద కూర్చుని, కండువా తలకేసుకుని, పెద్దగా పాటెత్తుకున్నాడు. ఊరంతా అందుకుంది. ఆఖరిదాకా కదల్లేదు. బయట కండువా పిండుకుంటూ, "చూరు కాణ్ణించి మొదలెట్టాల్రా ఎదవా," అన్నాడు నా చెవిలో. అంతే.

ఆ మూల కోతులు పీకాయని యాభై ఏళ్లకి పైగా చెప్పుకొచ్చాను. నిన్న కాలింగ్ కార్డు గీకి ఊళ్లో అన్నయ్యతో మాట్లాడాను. లంక సగం ఏట్లో కలిసిందట. ప్రార్థన పాకకి స్లాబు పడిందట. రెల్లు కప్పడం తెలిసినవాడు ఊళ్లో ఒక్కడూ లేడట. ఉండబట్టలేక అసలు సంగతి చెప్పేశాను.

"ఊరందరికీ తెల్సులేరా," అన్నాడు అన్నయ్య. "నీళ్ల చప్పుడు వినపడకూడదనే కదా, ఆ రోజు అందరం అంత గట్టిగా పాడాం!"