అల్లుడు పెట్టిన విమానం పరీక్ష

మా అల్లుడు నన్ను నలుగురిలో ఫెయిల్ చేశాడు. ఈ మాట చెబితే గుడివాడలో మా బజారు వాళ్ళు ఇప్పటికీ నమ్మరు. అల్లుడు అత్తగారిని ఫెయిల్ చేయడమేమిటి, అసలు దేంట్లో అని అడుగుతారు. విమానం నడపడంలో అని చెబితే నవ్వేసి, ఆ జాకెట్టు ముక్క ఇలా ఇవ్వమంటారు.

మాది మ్యాచింగ్ సెంటర్. లైనింగులు, ఫాల్సులు, జాకెట్టు గుడ్డలు అమ్ముతాం. చీర కొంగు ఒక్కసారి చూసి సరైన ముక్క లాగి కౌంటరు మీద పడేయడం నాకు వచ్చిన విద్య. ఓపిక మాత్రం రాలేదు. అన్నీ చూపించాక కూడా ఇంకొంచెం లేతది ఉందా అని అడిగేవాళ్ళతో నేను మాట్లాడే తీరుకి, మా ఆయన క్యాష్ దగ్గర్నుంచి లేచి వచ్చి సర్దిచెబుతూ ఉంటారు.

అల్లుడు బందరులో పాలిటెక్నిక్ లెక్చరరు. ఆదివారం పొద్దున్నే అతనూ ఇంకో పదిమందీ మంగినపూడి బీచికి వెళ్ళే దారిలో, చౌడు నేల మీద రిమోటు విమానాలు ఎగరేస్తారు. బొమ్మలంటే వాళ్ళకి కోపం, మోడల్సు అనాలి. రెక్కలు ఇటు నుంచి అటు బారెడు ఉంటాయి. తమది ఫ్లయింగ్ క్లబ్బని చెప్పుకుంటారు. ఒకసారి మా అమ్మాయిని చూడ్డానికి వెళ్తే నన్నూ అక్కడికి తీసుకెళ్ళాడు. "కాసేపు పట్టుకోండి అత్తయ్యగారూ" అని మర్యాదకి రిమోటు చేతికిచ్చాడు. వద్దు బాబూ అంటాననుకున్నట్టున్నాడు. నేను పట్టుకున్నాను.

వేలు కాస్త కదిపితే అంత ఎత్తున అది వంగింది. ఇంకాస్త కదిపితే తిరిగింది. కౌంటరు వెనకాల నిలబడి నిలబడి యాభై దాటినదాన్ని, ఆకాశంలో ఒకటి నా వేలి మాట వింటుంటే కాళ్ళు నేల మీద నిలవలేదు. అంత సంతోషం నాలో ఇంకా మిగిలుందని నాకే తెలియదు. తిరిగి ఇమ్మని అడగడానికి అతనికి మొహమాటం, ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు. ఆ తర్వాత ఏ ఆదివారం వచ్చినా మొదటి బస్సుకి నేను బందరులో ఉన్నాను.

నేర్చుకునేటప్పుడు రిమోట్లు రెండుంటాయి. ఒకటి మన చేతిలో, ఇంకోటి నేర్పేవాళ్ళ చేతిలో. వాళ్ళ దాని మీద ఒక స్విచ్ ఉంటుంది. అది నొక్కితే ఇక మన రిమోటు పనిచేయదు, విమానం వాళ్ళదైపోతుంది. అలా వెనక మనిషి లేకుండా ఒంటరిగా ఎగరేయాలంటే పరీక్ష పాసవ్వాలి. విమానాన్ని లేపాలి, గాలిలో ఎనిమిది అంకె తిప్పాలి, చివర్న మోటారు ఆపేసి తాళ్ళు కట్టిన హద్దుల మధ్య దించాలి. మధ్యలో ఆ స్విచ్ నొక్కాల్సి వచ్చిందంటే ఫెయిలే. ఆ ఏడాది పరీక్ష పెట్టే పని క్లబ్బు వాళ్ళు మా అల్లుడికి అప్పగించారు.

క్లబ్బులో పిల్లల డాక్టరుగారు ఒకాయన ఉన్నారు. ఈ పరీక్ష తప్పి, మళ్ళీ తప్పి, ఎలాగో గట్టెక్కిన మనిషి. నా వంతు వచ్చిందని తెలియగానే "మీకేమండీ, అల్లుడుగారే ఎగ్జామినరాయె. పేపరు ఇంట్లోనే దిద్దుకుంటారు" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ నాకు ఒళ్ళు మండిపోయింది. ఒంటరిగా ఎగరేయాలి, అదీ ఎవరి దయా దాక్షిణ్యం లేకుండా ఎగరేయాలి. అప్పటి నుంచి నాకు ఇదే ధ్యాస.

పరీక్ష రోజు లేపడం బాగానే లేపాను. ఎనిమిది అంకె డాక్టరుగారు కూడా తల ఊపేలా తిప్పాను. చిక్కంతా దించడంలో వచ్చింది. విమానం మన నుంచి దూరంగా వెళ్తున్నంతసేపూ కుడి కుడే. మన వైపు వస్తున్నప్పుడు దాని కుడి మనకి ఎడమవుతుంది. ఆ సంగతి నాకు తెలుసు, వేళ్ళకి మాత్రం ఇంకా ఎక్కలేదు. ఎదురుగా కిందికి వస్తూ అది ఒక పక్కకి వాలింది. సరిచేయబోయి ఇంకా వాల్చాను.

"అత్తయ్యగారూ, కొంచెం అటు పక్కకి తిప్పుతారా అండీ" అన్నాడు అల్లుడు.

ఆ మర్యాదంతా పూర్తయ్యేలోపు విమానం ఉన్న ఎత్తులో సగం దిగిపోయింది. అంతలో నా వేళ్ళ కింద రిమోటు చచ్చుబడింది. అతను స్విచ్ నొక్కాడు.

"నేను లేపేసేదాన్ని బాబూ."

"ఇంక అంత ఎత్తు లేదండీ" అని విమానాన్ని జాగ్రత్తగా దించి, అందరూ వింటుండగా "ఈసారికి అవలేదు అత్తయ్యగారూ. మళ్ళీ పెట్టుకుందాం" అన్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. డాక్టరుగారు చెప్పులకి అంటిన మట్టి చూసుకుంటూ నిలబడ్డారు.

ఇంటికి వెళ్ళాక మా అమ్మాయి నడుం మీద చేతులు పెట్టుకుని నిలదీసింది. "నలుగురిలో మా అమ్మని ఫెయిల్ చేసి, ఆవిడ వండిన కూర ఎలా తింటున్నారండీ?" అతను తల వంచుకుని తిన్నాడు. నేను మారు వడ్డించాను గానీ పలకరించలేదు. ఎంత కోపమొచ్చినా అల్లుడి కంచంలో వెలితి చూపించడం మా ఇంటా వంటా లేదు.

తిరుగు బస్సులో కూడా అతన్ని తిట్టుకుంటూనే కూర్చున్నాను. గూడూరు దాటుతుండగా ఒక సంగతి తట్టింది. ఇవాళ ఫెయిల్ అన్నవాడు రేపు పాస్ అన్నాడంటే అది నిఖార్సయిన పాస్. డాక్టరుగారి నోట ఆ పేపరు మాట ఇక రాదు. అత్తగారి మొహం చూసి కూడా మాట మార్చని అల్లుణ్ణి తెచ్చుకున్నానని ఉన్నట్టుండి గర్వమేసింది. నాలో నేనే నవ్వుకుంటుంటే పక్క సీటావిడ కాస్త జరిగి కూర్చుంది.

ఇక నా సాధన చూడాలి. అట్టముక్క విమానంలా కత్తిరించి, బేరం లేనప్పుడల్లా షాపులో దాన్ని చేత్తో నా మొహం వైపు తెచ్చుకుంటూ, ఎదురొస్తే వాలిన వైపుకే వేలు తొయ్యి, అప్పుడే లేస్తుంది, వాలిన వైపుకే తొయ్యి అని గొణుక్కునేదాన్ని. జాకెట్టు ముక్క కోసం వచ్చిన ఒకావిడ గుమ్మంలోనే ఆగి "మీ ఆవిడకి ఒంట్లో బాగానే ఉందా అండీ" అని మా ఆయన్ని అడిగింది. ఆయన ఉందని గట్టిగా చెప్పలేకపోయారు.

రెండోసారి పరీక్ష మంచు విడిచాక మొదలైంది. లేపాను, తిప్పాను. అల్లుడు నా వెనకే తన రిమోటుతో నిలబడి "ఇప్పుడు మోటారు ఆపేయండి" అన్నాడు. ఆపేశాను. చప్పుడు పోయి గాలి ఒక్కటే వినబడుతోంది. విమానం నా వైపు నిదానంగా దిగుతూ వస్తోంది. ఈసారి వేళ్ళు మాట వింటున్నాయి. ఇంకొంచెం వస్తే తాళ్ళ మధ్యలోనే వాలుతుంది.

సరిగ్గా అప్పుడు బీచికి వచ్చిన జంట ఒకటి ఫోన్లో ఫోటోలు తీసుకుంటూ తాళ్ళు దాటి హద్దుల్లోకి వచ్చేసింది. డాక్టరుగారు కేకేశారు. గాలికి వాళ్ళకి వినబడలేదు. మోటారు మళ్ళీ అందుకునేంత వ్యవధి లేదు. ఎటు తిప్పాలని నేను ఆలోచించలేదు, వేలే తిప్పేసింది. విమానం వాళ్ళకి ఎడంగా ఒరిగి, తాళ్ళ బయట ఎర్రగా పరుచుకున్న ఉప్పుమొక్కల్లో కడుపు మీద జారుకుంటూ వెళ్ళి ఆగింది.

హద్దు బయట దిగింది కాబట్టి మళ్ళీ ఫెయిలే అనుకున్నాను. ఏడుపు ఒక్కటే తక్కువ. అల్లుడు వెళ్ళి విమానం తెచ్చి, రెక్కలూ చక్రాలూ తడిమి చూసి, "పాసయ్యారండీ" అన్నాడు.

"తాళ్ళ బయట దిగింది కదండీ మరి?" అన్నారు డాక్టరుగారు.

"తాళ్ళ లోపల మనుషులున్నారు కదండీ" అన్నాడు అల్లుడు.

నాకు అది చాలలేదు. "స్విచ్ నొక్కారా మీరు? నిజం చెప్పండి బాబూ."

"నొక్కబోయానండీ. మీరు అప్పటికే తిప్పేశారు."

డాక్టరుగారు నా వైపు తిరిగి రెండు చేతులూ జోడించారు. ఈసారి ఆయన నవ్వలేదు, నేనే నవ్వాను.

అల్లుడు కొత్త బ్యాటరీ పెట్టి విమానం నా ముందు నేల మీద ఉంచాడు. తన రిమోటు ఆపేసి సంచిలో పెట్టేశాడు. "ఎగరేసుకోండి అత్తయ్యగారూ" అని చెప్పి, ఫ్లాస్కు ఉన్న చోటికి నడిచాడు. ఎవరి విమానం లేచినా తలెత్తి చూడటం ఆ క్లబ్బులో అందరికీ ఉన్న జబ్బు, పరీక్ష పెట్టేవాడికి మరీను. నేను లేపాను. అది రొద చేసుకుంటూ మా అందరి తలల మీదుగా సముద్రం వైపు వెళ్ళింది. అల్లుడు నాకు వీపు తిప్పి కూర్చుని టీ పోసుకున్నాడు. నేను దాన్ని దించేదాకా ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.