పాండురంగం గారి తేడా

పాండురంగం గారికి ఒంట్లో ఎప్పుడూ తేడాగానే ఉంటుంది. ఏం తేడా అని అడిగితే చెప్పలేరు. జ్వరం కాదు, నొప్పి కాదు, నీరసమూ కాదు. "ఏదో తేడాగా ఉందండీ" అంటారు, అంతే.

సొంతూరు తెనాలి. ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్‌లో మా వీధిలోనే పద్నాలుగేళ్ళుగా ఉంటున్నారు. కౌన్సిల్‌లో ఉద్యోగం చేసినన్నాళ్ళూ డ్యూటీల రోటాలో ఆయన పేరు మాత్రం పెన్సిల్‌తో రాసేవారట. ఇక జీపీ సర్జరీకి, అదే మా డాక్టరు క్లినిక్‌కి, ఫోన్ చేస్తే, ఆయన ఇంకా గొంతు సవరించుకుంటూ ఉండగానే రిసెప్షనిస్టు "గుడ్ మార్నింగ్, పాండు" అంటుంది. మా అమ్మాయి నిఖిత పుట్టినరోజుకి వచ్చి సోఫాలో ఓ మూల కూర్చున్నారు. అది కేకు తీసుకెళ్ళి "ఆర్ యూ ఓకే, అంకుల్?" అని అడిగింది.

"ఇప్పటిదాకా ఉన్నానమ్మా" అన్నారు, కేకు అందుకుంటూ.

అలాంటి మనిషి బొలీవియా వస్తానన్నారు. సముద్ర మట్టానికి నాలుగు వేల మీటర్ల పైన ఎడారి, చివర్లో ఉప్పు మైదానం, మూడు రోజులు జీపులో, వీపున బ్యాగులతో.

నిజానికి ఆ ప్రయాణం చక్రిది. వాట్‌ఫర్డ్‌లో ఉండే చక్రి మా వాకింగ్ గ్రూపుకి ప్రాణం. ఆ ఉప్పు మైదానం చూడాలని రెండేళ్ళు కలలు కని, తనకీ భార్య కిరణ్మయికీ టికెట్లు తీశాడు. ఫిబ్రవరిలో ఓ సోమవారం ఆఫీసులో మెట్లెక్కుతూ కూలిపోయి, మళ్ళీ లేవలేదు. నలభై మూడేళ్ళు.

"నేను వెళ్తాను" అంది కిరణ్మయి. ఆమెను ఒక్కదాన్నే ఎలా పంపుతాం? నేనూ, కేంబ్రిడ్జ్‌లో ఉండే అఖిలేషూ బయల్దేరాం. పాండురంగం గారు తమంతట తామే చేరిపోయారు.

"మీకెందుకండీ, అసలే ఒంట్లో బాగుండదు" అన్నాను.

"ఇక్కడున్నా బాగుండదు కదండీ, విజయభాస్కర్ గారూ" అన్నారు.

గంటగంటకీ ఎక్కడుండాలో ఎక్సెల్ షీటు తయారుచేసుకుని నేను నాయకుణ్ణయ్యాను.

చిలీ వైపు నుంచి కొండెక్కాం. మా డ్రైవరూ గైడూ ఒక్కడే, ఎలియో. బయట గోధుమరంగు దుమ్ము తప్ప ఏమీ లేదు. గడ్డి లేదు, మనిషి లేడు. చక్రి ఉంటే పాడేవాడని అందరికీ తెలుసు. అందుకే ఎవరూ పాట పెట్టలేదు.

"గాలే లేదన్నా ఈడ. ఉన్న గాలి కూడ చల్లగుంది" అన్నాడు వరంగల్ అఖిలేష్. ఆ పూటకి మా సంభాషణ అదే.

పాండురంగం గారు మాత్రం అరగంటకోసారి "ఎలియో, స్టాప్. తేడాగా ఉంది" అనేవారు. దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని అటూఇటూ చూసి, కిరణ్మయి కూడా దిగి కాస్త నిలబడ్డాక, మళ్ళీ ఎక్కేవారు. మధ్యాహ్నానికి ఎలియోకి ఆ మాట వచ్చేసింది. అద్దంలోంచి చూసి, "సెన్యోర్, తేడా?" అని తనే అడిగి బ్రేకు వేసేవాడు. నా ఎక్సెల్ షీటు అప్పటికే గంటన్నర వెనకబడింది.

ఎర్ర సరస్సు దగ్గర ఆగాం. అక్కణ్ణుంచి ఇంకా పైకెళ్ళి వేడినీటి బుగ్గలు చూసి, ఆ ఎత్తులోనే పడుకోవాలి. పాండురంగం గారు జీపు చక్రానికి ఆనుకుని కింద కూర్చుండిపోయారు.

"నేనిక పైకి రాలేనండీ. కిందికి తీసుకెళ్ళండి."

"మీరు జీపులో కూర్చోండి, మేం చూసొస్తాం."

"ఒక్కణ్ణే ఉండలేనండీ."

"ఎట్లన్నా, ఇంత దూరమొచ్చి సూడకుండ పోతమా?" అన్నాడు అఖిలేష్.

నాకు కోపం ఆగలేదు. "చక్రి కోసం వచ్చామండీ మనం, మీకోసం కాదు. రావద్దని మొదటే చెప్పాను."

ఆయన తల దించుకున్నారు. "నిజమేనండీ" అన్నారు. లేవలేదు మాత్రం.

జీపు తలుపు పట్టుకుని నిలబడ్డ కిరణ్మయి "కిందికే పోదాం" అంది. ఆమె మంచితనానికి నాకు ఇంకా ఒళ్ళు మండింది.

నాలుగు గంటలు దిగువకి ప్రయాణం. మధ్యలో ఎలియో ఎత్తు పడనివాళ్ళకిచ్చే ఏదో మాత్ర ఇచ్చాడు. పాండురంగం గారు దాన్ని అరచేతిలో పెట్టుకుని, "కొత్త మందు, ఒక్కణ్ణే వేసుకోవాలంటే భయంగా ఉందమ్మా. తోడుగా నువ్వూ ఒకటి వేసుకో" అన్నారు. కిరణ్మయి ఆయన వంక చూసి, తనూ ఒకటి వేసుకుంది.

దిగువన రాతిగోడల చిన్న ఊళ్ళో ఆగాం. మర్నాడంతా అక్కడే. నా షీటులో పన్నెండు గడులు కొట్టేసి, ఎలియో దగ్గరికి వెళ్ళి "ముసలాయనకి ఎలా ఉంది?" అని అడిగాను.

ఎలియో వింతగా చూశాడు. వేలికి తగిలించి ఆక్సిజన్ చూసే పరికరం అతని జేబులో ఉంది. "ఆయనకేం, తొంభై. మీ అందరికంటే బాగున్నాడు. ఆవిడకే సరస్సు దగ్గర అరవై ఆరుకి పడిపోయింది" అన్నాడు, తనకొచ్చిన ఇంగ్లీషులో.

కిరణ్మయి అక్కడ రెండుసార్లు వాంతి చేసుకుందట. వంగి బూటు లేసు కట్టుకోలేకపోయిందట. చూసింది పాండురంగం గారొక్కరే. ఎవరికీ చెప్పొద్దని ఆమె బతిమాలింది. చక్రి ప్రయాణం తన వల్ల చెడిపోకూడదని ఏడ్చింది. ఆయన సరేనని, ఎలియోకి మాత్రం చెప్పి ఆమె వేలికి ఆ పరికరం పెట్టించి, వచ్చి చక్రం దగ్గర కూర్చున్నారు.

"పైకి వెళ్ళి ఆ రాత్రి అక్కడే పడుకుని ఉంటే..." అని ఎలియో ఆగిపోయాడు.

ఆ రోజంతా ఆమె ముఖం నేను ఒక్కసారైనా సరిగ్గా చూశానా అని ఆలోచించాను. గుర్తు రాలేదు. షీటు మాత్రం ప్రతి గడితో సహా గుర్తుంది.

మూడో రోజు పొద్దున్నే ఉప్పు మైదానం చేరాం. ఎటు చూసినా తెలుపే, ఆకాశం అంచు దాకా. కిరణ్మయి తన కాళ్ళ మీద తను స్థిరంగా నడుచుకుంటూ చాలా దూరం వెళ్ళి, మాకు వీపు తిప్పి నిలబడింది. అరగంట పైనే. మేం ఎవరం కదల్లేదు.

"నన్ను క్షమించండి, పాండురంగం గారూ" అన్నాను మెల్లగా.

"దేనికండీ?"

"సరస్సు దగ్గర అన్న మాటకి. ఎలియో చెప్పాడు."

ఆయన మొహం చిన్నబుచ్చుకున్నారు. "చెప్పొద్దన్నాను కదండీ వాడికి" అని గొణిగి, "కానీ ఇప్పుడు నిజంగానే ఓ ఇబ్బంది వచ్చిందండీ. ఆ అమ్మాయి మానేస్తుందేమోనని ఆ మాత్రలు నేనూ వేసుకుంటూనే ఉన్నాను. వాటి దెబ్బకి గంటకోసారి బాత్రూమండీ. ఇక్కడ చూస్తే చాటుకి చిన్న రాయైనా లేదు" అన్నారు.

అప్పటికే కిరణ్మయి కళ్ళు తుడుచుకుంటూ వెనక్కొచ్చింది. ఆ చివరి మాటలు విన్నట్టుంది.

"తోడుగా నన్నూ వేసుకోమన్నారు కదా, అంకుల్" అంది. "నాకూ అదే పరిస్థితి. జీపుకి ఆ పక్క మీది, ఈ పక్క నాది. ముందు మీరెళ్ళండి, పెద్దవారు."

అని ఫక్కున నవ్వింది. ఫిబ్రవరి తర్వాత ఆమె నవ్వు వినడం అదే మొదటిసారి. పాండురంగం గారు అప్పటికే పరుగు లాంటి నడకలో ఉన్నారు. ఎలియో, అఖిలేష్, నేను వరసగా నిలబడి, ఏమీ లేని ఆ తెల్లటి దిక్కుకేసి శ్రద్ధగా చూడసాగాం.