బ్యాంకు వాకిట్లో రాతి అరుగు

ఎనభైల్లో ఒక ఉదయం గ్రాంట్ రోడ్‌లో లోకల్ రైలెక్కాను. తెలుగు కూలీల పేట కామాటిపురాలో ఉండే అవ్వ ఒకామె నేను తెలుగుదాన్నని పోల్చుకుని, నా చేతిలోని ప్లాను చుట్ట చూసి అదేమిటని అడిగింది. పాత రాతి భవనంలోని బ్యాంకును కొత్తగా మారుస్తున్నామనీ, కూలీలు కూర్చుంటున్నారని మేనేజరు వాకిట్లో అరుగు కొట్టేయమన్నాడనీ చెప్పాను.

“అసుంటి రాళ్లు మోసింది మావోళ్లే బిడ్డా. కూసుంటే ఆయనకేం నొప్పి? కొట్టనని చెప్పు.”

“చెబితే నా పని పోతుందవ్వా.”

“అయితే నేనొస్త. ఎవడు లేపుతడో చూస్త!”

అన్నట్టే నా వెంట వచ్చి అరుగు మీద కూర్చుంది. కాపలాదారు లెమ్మంటే, “నహీ ఉఠ్తీ, జా!” అంది. నేనూ ఆమె పక్కన కూర్చున్నాను. మేనేజరు బయటికొచ్చాడు.

“అరుగు కొట్టను సార్,” అన్నాను, లేవకుండానే.

ఆ పని ఆ రోజే పోయింది. తర్వాత నేను గీసిన ఏ ప్లానులోనూ కూర్చునే చోటు తీసేయలేదు.