తెలియదని చెప్పిన తమ్ముడు

సోమవారం ఉదయం ప్రార్థన ముగించి లేచేసరికి తెనాలి ఆసుపత్రి నుంచి మరదలి ఫోన్. "వదినా, ఆయన ఇక లేరు" అంది. మా ఆఖరి తమ్ముడు. రేపల్లెలో నేను ఆఫీసు పని చూసే బడిలోనే కంప్యూటర్ సారు.

ఆ బడిలో చదివిన మీలో చాలామందికి అతను నెట్‌కు తాళం వేసిన సారుగానే గుర్తుంటాడు. ఎందుకు వేశాడో నేను చెప్పాలి. కారణం నేనే.

నాలుగేళ్ల కిందట క్రిస్మస్ పాటల కోసం ఆఫీసు కంప్యూటర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఎక్కించుకున్నాను. ఎవరి దగ్గరున్నవి వాళ్లు ఒకరికొకరు నేరుగా పంపుకునేది. ఏ ఫోల్డరు పంచుతారని అది అడిగితే, చదవకుండా ఏదో నొక్కాను. వారం తర్వాత నెట్ ఎందుకింత నెమ్మదించిందో చూడటానికి వచ్చిన తమ్ముడు నా కుర్చీలో కూర్చుని తెర మీదికి వంగాడు.

"ఏం పెట్టావక్కా ఇందులో?"

"పాటలేరా."

"పాటలు నీకొచ్చాయి. నీ ఫోల్డరు బయటికెళ్తోంది."

అందులో ఎనిమిదో తరగతి ఆడపిల్లల అడ్మిషన్ ఫారాలున్నాయి. ఫోటోలు, చిరునామాలు, ఫోన్ నంబర్లు. తమ్ముడు వైరు పీకేశాడు.

ఆ సాయంత్రానికే బడి మొత్తంలో అలాంటి పంపకాలు జరగకుండా ఆపేశాడు. డ్రిల్లు మాస్టారు ఊరుకోలేదు.

"సినిమాలు కూడా దిగకపోతే ఆదివారం ఏం చెయ్యాలండి సారూ?"

"వాడరేవు వెళ్లండి మాస్టారూ. సముద్రానికి నేనింకా అడ్డం పెట్టలేదు."

అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

"ఆపేశావుగా, ఇంకెవరికీ చెప్పొద్దురా. నా ఉద్యోగం పోతుంది" అని బతిమాలాను.

"పోతే పోనీ అక్కా. రేపెవడైనా ఆ పిల్లల ఇంటికి ఫోన్ చేస్తే? వాళ్లు జాగ్రత్తపడొద్దా?"

హెడ్మాస్టారికి చెప్పి, నన్ను బండెక్కించుకుని ఇల్లిల్లూ తిప్పాడు. అడవులదీవిలో వల బాగుచేసుకుంటున్న ఒక తల్లి అడిగింది: "అంటే మా పిల్ల ఫోటో ఇప్పుడు ఎవరికాడుంది సారూ?"

ఏదో ఒక ధైర్యం చెబుతాడనుకున్నాను.

"తెలియదమ్మా" అన్నాడు. "ఎవరన్నా ఫోన్ చేసి బెదిరిస్తే పిల్లని తిట్టకండి. నాకు చెప్పండి. తప్పు మాది."

ఆమె కూతుర్ని దగ్గరికి లాక్కుంది.

ఉద్యోగం పోలేదు. భయమూ పోలేదు. అప్పటి నుంచి రోజూ బెల్లు కొట్టకముందే తమ్ముడు, బడి నుంచి బయటికి వెళ్లబోతే కంప్యూటర్ ఆపిన వాటి జాబితా తెరిచేవాడు. అది చూశాకే టీ. గుమ్మంలో నిలబడి "ఏమన్నా ఉందా?" అని అడిగేదాన్ని. "ఈ రోజుకి లేదక్కా" అనేవాడు. అంతా బాగుందని ఒక్కసారీ అనలేదు. ఆ మాట మీద ఒక రోజు గడిపేదాన్ని.

ఇప్పుడు ఎవరిని అడగను? ఆ జాబితా చదవడం నాకు రాదు. ఆ పిల్లల పేర్లు మాత్రం ఒక్కొక్కటీ దేవుడి ముందు చెప్పుకుంటున్నాను.

మా సొంతూరు బాపట్లలో తమ్ముణ్ణి మట్టి చేసిన రోజు ఆ అడవులదీవి పిల్ల వచ్చింది. ఇంటర్ చదువుతోంది. పూలు ఉంచి పక్కకి నిలబడింది. చుట్టాల్లో ఎవరో ఫోన్ ఎత్తి జనాన్ని ఫోటో తీయబోయారు. ఆ పిల్ల చప్పున చున్నీ ముఖం మీదికి లాక్కుంది.

నేను వెళ్లి ఆ ఫోనుకు అడ్డంగా నిలబడ్డాను.