ఎర్రచుక్క పొట్టేలు

ఆ రోజుల్లో నాకొక పేరుందన్న సంగతి మా అమ్మకూ, రేషన్ కార్డుకూ తప్ప ప్రొద్దుటూరులో ఎవరికీ తెలియదు. బట్టల అంగడి పైన రెండు గదుల్లో మా మేనమామ కంప్యూటర్ ఆఫీసు నడిపేవాడు. ఆసుపత్రులకూ, కల్యాణ మండపాలకూ, కాలేజీలకూ కావలసిన ప్రోగ్రాములు రాసిచ్చేవాళ్లం ('వాళ్లం' అంటే నేనూ, ఒక ప్రింటరూ, గోడమీది బల్లీ). ఎక్కడ ఏ కంప్యూటర్ మొరాయించినా మామకు ఫోన్ వచ్చేది. "సార్, మీ పాపను పంపు" అనేవాళ్లు. ఏ పాప అని మామ అడిగేవాడు కాదు, వాళ్లూ చెప్పేవాళ్లు కాదు. పేరు చెప్పకపోతే వెళ్లేది నేనే. ఇరవై మూడేళ్ల మనిషిని పాప అంటారేమిటని పైకి విసుక్కునేదాన్ని గానీ, ఆ మాట వినబడగానే బ్యాగు భుజాన వేసుకుని మెట్లు దిగడంలో ఒక దర్జా ఉండేది. మా ఆఫీసులో డిఫాల్ట్ నేనే. ఆ పదవిని ఎవరూ తీసుకోలేరని నా ధీమా.

అప్పుడు మా ఆఫీసులో పనికి చేరింది బస్సమ్మ. రోజూ జమ్మలమడుగు నుంచి ఎనిమిది గంటల బస్సులో వచ్చేది కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను (మనసులోనే). నాకన్నా ఏడాది చిన్న. "అక్కా, అక్కా" అంటూ వెంట తిరిగేది. తెచ్చిన క్యారియర్‌లో సగం పప్పు నాకే పెట్టేది. తప్పు పట్టడానికి ఏమీ లేని మనిషి, అదే నాకు పెద్ద తప్పుగా కనిపించేది. మూడో వారంలో అనుకుంటా, ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. "మీ పాపను పంపు సార్." నేను అలవాటు ప్రకారం బ్యాగు తగిలించుకుని లేచాను. మామ నన్ను దాటి చూసి, "నువ్వు పోయి చూసొస్తావామ్మా?" అన్నాడు బస్సమ్మతో. సొంత అక్క కూతుర్ని నేను నిలబడి ఉన్నాను! టీ తాగడానికి లేచినదానిలా బ్యాగుతో సహా కిందికి పోయి, తాగకుండానే తిరిగొచ్చాను. ఆ రోజు నుంచి ఆ పిల్లను చూస్తే కళ్లల్లో నిప్పులు పోసుకునేదాన్ని. ఆమె అరుదుగా తప్పు చేసేది. చేసినప్పుడు మాత్రం "అయ్యో" అని గట్టిగా చెప్పి దిద్దుకునేది. మామకు అది కూడా నచ్చేది. పోనీ పప్పు బాగాలేదందామా అంటే, నిజం చెప్పొద్దూ, పప్పు కూడా బాగుండేది.

అంతలో పులివెందుల గొర్రెల పెంపకందారుల సంఘం వాళ్ల పని వచ్చింది. ప్రతి గొర్రెకూ చెవిబిళ్ల నంబరు, వయసు, టీకాల వివరాలతో ఒక కార్డు అచ్చు వేయాలి. ఇక్కడొక సంగతి చెప్పాలి. మా ప్రోగ్రాముల్లో అన్నీ మేమే రాయం. తేదీలు లెక్కగట్టేది ఒకటి, అచ్చు వేసేది ఒకటి, ఇలా ఎవరెవరో రాసి పెట్టిన ముక్కలను ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటాం. ఏ ముక్క కావాలో ఒక జాబితాలో రాసిపెడితే చాలు, తెచ్చిపెట్టే పనిముట్టు వేరే ఉంటుంది. ఒక్కో ముక్కకు బోలెడు రకాలు, ఒక్కో రకానికి ఒక నంబరు. బస్సమ్మ ఆ జాబితాలో ప్రతి ముక్క పక్కన ఫలానా నంబరే కావాలని ఓపిగ్గా రాసింది. మామ అది చూసి, "శానా పద్ధతిగా రాసినావే" అన్నాడు. నేను రెండేళ్లలో ఎన్ని జాబితాలు రాశాను! ఒక్కసారైనా 'శానా' అన్నాడా?

ఆ మధ్యాహ్నం ఆమె చెయ్యి కడుక్కోవడానికి వెళ్లినప్పుడు ఆ నంబర్లన్నీ చెరిపేసి, ప్రతి ముక్క పక్కనా 'లేటెస్ట్' అని రాశాను. పాత నంబర్లు పట్టుకుని వేలాడే ఆమె కన్నా, అన్నీ సరికొత్తవే వాడే నేను ముందున్నానని రేపు మామకు తెలియాలి. అదీ నా పథకం. నా కంప్యూటర్లో నడిపి చూస్తే బ్రహ్మాండంగా నడిచింది. (అందులో పాత ముక్కలు అప్పటికే ఉన్నాయనీ, ఉన్నవాటితోనే సరిపెట్టుకుని కొత్తవాటి జోలికే పోలేదనీ నాకు తర్వాత తెలిసింది.) ఇక పులివెందులకు ఎవరు పోవాలన్న ప్రశ్న రాకముందే మా అమ్మ చేత మామకు ఫోన్ చేయించాను. "పోనీ, నువ్వే పోరా తల్లీ" అన్నాడు మామ. బస్సమ్మ మొహం చిన్నబోతుందేమోనని ఆశగా చూశాను. "జాగ్రత్తగా పోయిరా అక్కా" అంది. ఆ తృప్తి కూడా దక్కనివ్వలేదు.

పులివెందులలో సంఘం గదినిండా తలగుడ్డల పెద్దమనుషులు. కొందరు గొర్రెలను కూడా తోలుకొచ్చి బయట కట్టేశారు. కొత్త కంప్యూటర్లో ప్రోగ్రాము ఎక్కించాను. ముక్కలన్నీ చకచకా వచ్చి చేరాయి. మొదటి కార్డు అచ్చయి బయటికి రాగానే సంఘం పెద్దాయన, అందరూ తాత అని పిలిచే మనిషి, కళ్లజోడు పెట్టుకుని చదివాడు. ఇంకోసారి చదివాడు.

"ఏంది పాపా ఇది? ఈ పొట్టేలు ఈ పొద్దు పుట్టిందా? బయట కట్టేసినాం, పోయి దాని కొమ్ములు చూడు. దానికి మనవలు గూడా ఉండారు."

రెండో కార్డూ అంతే. మూడోదీ అంతే. మూడు వందల గొర్రెలూ ఆ పొద్దే పుట్టాయట, ఇంకా పసివి కాబట్టి టీకా వద్దట! వెనక నుంచి ఒకాయన, "నా మందంతా ఈ పొద్దే పుట్టింటే నిన్నటిదాకా నేను ఎవర్ని మేపినట్ల?" అన్నాడు. గది గొల్లుమంది. ఆ నవ్వులో తాత కలవలేదు. "వచ్చే వారం టీకాల డాక్టర్లు వస్తాండారు. కార్డు లేనిదానికి సూది వెయ్యరంట. వానలు మొదలైతే రోగాలొస్తాయి, ఇది నవ్వులాట గాదు" అన్నాడు.

ఆఫీసుకు ఫోన్ చేశాను. ఎత్తింది బస్సమ్మే. విషయం విని, "నేను రాసిన నంబర్లు ఏమన్నా మారినాయా అక్కా?" అంది మెల్లగా. చెరిపేసింది నేనేనని ఆమెకు తెలుసనిపించింది. అయినా నిలదీయలేదు. ఆ మర్యాదకు ఇంకాస్త ఒళ్లు మండింది. "నేనే తీసేసి లేటెస్ట్ అని పెట్టినా" అన్నాను. దానికి బస్సమ్మ అంది. "తేదీల ముక్క మొన్ననే మారినట్లుంది. గొర్రెలకు పుట్టిన తేదీ తెలీదని మనం ఆ గడి ఖాళీగా పెట్టి, ఉత్త వయసే రాసినాం గదా. పాతది ఆ ఖాళీని ఖాళీగానే వదిలేస్తాండె. కొత్తది ఈ పొద్దటి తేదీ వేసుకుంటాందేమో. పోనీలే అక్కా, నంబర్లన్నీ నా పుస్తకంలో రాసిపెట్టుకున్యా. చెప్తా, రాసుకో." చెప్పింది. రాసుకున్నాను. అంతమంది ముందు, ఆమె చెప్పినవన్నీ, బడిపిల్లలా.

ముక్కలు మళ్లీ దిగుతుండగా, ఆ నంబర్ల గోలేమిటని తాత అడిగాడు. నంబరు చెప్పకపోతే లేటెస్ట్ అన్నది వస్తుందనీ, అదే అన్నిటికన్నా కొత్తది, మంచిది అనుకున్నాననీ చెప్పాను.

"దాంట్లో ఏముందిలే పాపా," అన్నాడు. "మా దగ్గరికి బేరానికొచ్చినోడు చెవిబిళ్ల నంబరు చెప్తే అదే పట్టిస్తాం. ఊరికే పొట్టేలు చూపించప్పా అంటే, ఎర్రచుక్క పెట్టినదాన్ని ముందుకు తోలుతాం."

"ఎర్రచుక్క ఉంటే అది అన్నిటికంటే మంచిదనా తాతా?"

"యాడిది! ఆ పొద్దు నాకు దేన్ని చూపియ్యాలనిపిస్తే దానికి పెడతా. నిన్న ఒకదానికుండె, ఈ పొద్దు ఇంకోదానికి. చుక్క పెట్టేది నేను గదా, గొర్రెకేం తెలుసు?"

లేటెస్ట్ అన్నదీ అంతే. ఆ ముక్క తయారుచేసినవాళ్లు ఏ నంబరు మీద ఆ మాట అతికిస్తే అదే వస్తుంది, రేపు తీసి ఇంకోదానికి అతికించవచ్చు. రెండేళ్ల ఉద్యోగంలో అర్థంకానిది గొర్రెల తాత రెండు మాటల్లో చెప్పాడు. నన్ను ఊరంతా పాప అని పిలవడం కూడా నా గొప్పేమీ కాదనీ, మామ నా మీద పెట్టిన చుక్క అనీ అప్పుడే తెలిసింది. తెలిసింది కదా అని కుళ్లు పోయిందా? పోలేదు. కార్డులన్నీ సరిగ్గా వచ్చాక తాత సంతోషంగా, "ఈసారి ఫోన్లో నంబర్లు చెప్పిన పాపను పంపమని మీ మామకు చెప్పు" అన్నాడు. తిరుగు బస్సు ముద్దనూరు దాటేదాకా ఆ మాటనే నమిలాను. బస్సమ్మ మామతో ఏమీ చెప్పలేదు. చెప్పి ఉంటే హాయిగా ఆమెను తిట్టుకునేదాన్ని.

ఇదంతా జరిగి చాలా ఏళ్లయింది. ఇప్పుడు వేరే ఊళ్లో, వేరే ఆఫీసులో, జాబితాలో లేటెస్ట్ అని రాసినవాళ్ల మీద కేకలేసే పని నాది. మొన్న ప్రొద్దుటూరు వెళ్లినప్పుడు మామ ఆఫీసు మెట్లెక్కాను. మామ తన కుర్చీలో ఉన్నాడు గానీ, ఇప్పుడు అన్నీ చూసుకునేది బస్సమ్మే. క్యారియర్ విప్పి, "తిను అక్కా" అని పప్పు నా వైపు జరిపింది. ఆనాటి నంబర్ల సంగతి నేనే ఎత్తి క్షమించమన్నాను. "తెలుసులే అక్కా, చెయ్యి కడుక్కునే కాడి నుంచి చూస్తానే ఉన్యా" అని నవ్వింది. అప్పుడే ఫోన్ మోగింది. మామ స్పీకరు పెట్టాడు. "సార్, మీ పాపను పంపు."

నా చెయ్యి బ్యాగు మీదికి పోయింది. ఎదురుగా బస్సమ్మ కుర్చీలోంచి సగం లేచింది. అప్పటికే ఎవరో కొత్త అమ్మాయి, నిరుడు చేరిందట, స్కూటీ తాళాలు ఆడించుకుంటూ మెట్లు దిగిపోయింది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని కూర్చుండిపోయాం. "ఆ పిల్లకు ఏం తెలుసని పంపుతాడో ఏమో" అంది బస్సమ్మ పప్పు కలుపుకుంటూ. ఆమె నోటి నుంచి అలాంటి మాట వినడం అదే మొదలు. ఇన్నేళ్లకు నా కుళ్లుకు ఒక తోడు దొరికింది.